మోటారుతో నడచు నిర్మాణపు బొమ్మలు: ఏ పెట్టె ఏమి నేర్పును?

వానకాలములో ఛత్తీస్‌గఢ్ కొండలపై కుంభవృష్టి కురిసినప్పుడు చర్ల మండలములోని తాలిపేరు ప్రాజెక్టు తలుపులు ఎత్తుదురు. వరద నీటికి ఎదురు నిలచిన బరువైన ఇనుప తలుపు మెల్లమెల్లగా పైకి లేచును. దానిని ఎత్తునది పర్వతము వంటి యంత్రమేమీ కాదు. తలుపుతో పోల్చిన చిన్నదే అనదగిన ఒక విద్యుత్ మోటారు. మోటారు వడిగా తిరుగును; తలుపు నిదానముగా కదలును. ఈ రెంటికిని నడుమ ఉన్న పళ్ళ చక్రములలోనే యంత్రశాస్త్రపు మొదటి పాఠము ఇమిడి ఉన్నది. ఆ తలుపులను కన్నులార చూచిన గిరిజన బాలుడు ఆశ్రమ పాఠశాలకు వచ్చి, "అంత చిన్న మోటారు అంత పెద్ద తలుపును ఎట్లు ఎత్తినది?" అని అడిగినచో, ఉపాధ్యాయుడు నల్లబల్లపై రెండు వృత్తములు గీసి ఊరకుండవలసినదేనా?

అక్కరలేదని నేటి బొమ్మల వర్తకులు చెప్పుదురు. విడిభాగములను బిగించి క్రేను, లారీ, తవ్వకపు యంత్రము మొదలగు వానిని నిర్మించి, మోటారుతో నడిపింపదగిన పెట్టెలు ఇప్పుడు అనేకము లభించుచున్నవి. 2016లో కేంద్ర ప్రభుత్వపు నీతి ఆయోగ్ ఆరంభించిన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద, ఎన్నికైన పాఠశాలకు టింకరింగ్ ల్యాబు కొరకు 20 లక్షల రూపాయల వరకు సహాయము ఏర్పాటైనది. అట్టి సహాయము అందిన పాఠశాల కొంత ధైర్యముగా కొనవచ్చును. అందని పాఠశాలకు, ఏడాది పొడవునా కూడబెట్టిన సొమ్ముతో ఒకే ఒక పెట్టె కొనుటకు వీలగును. ఆ ఒక్క పెట్టె ఏది కావలెను? పైన అతికించిన రంగుల బొమ్మను చూచి ఈ ప్రశ్నకు జవాబు చెప్పరాదు. లోపలి భాగములను ఒక్కొక్కటిగా పరీక్షించియే చెప్పవలెను.

మూడు తెగలు

ఈ పెట్టెలను మూడు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది లోహపు పట్టీల తెగ. ఇంగ్లండులోని లివర్‌పూలు నగరవాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో దీనికి పేటెంటు పొందెను. 1907 నుండి ఇది మెకానో అను పేరుతో ప్రసిద్ధికెక్కినది. సమదూరములో రంధ్రములు గల పట్టీలు, వానిని కలుపు నట్టులు బోల్టులు, ఇరుసులు, ఇత్తడి పళ్ళ చక్రములు దీని అంగములు. భారతదేశములో తయారగు మెకానిక్స్ అను పెట్టెలును ఈ పద్ధతికి చెందినవే. దీనిని పిల్లల ఆటవస్తువుగా మాత్రమే ఎంచరాదు. 1934లో మాంచెస్టరు విశ్వవిద్యాలయములో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ అను శాస్త్రజ్ఞులు అవకలన సమీకరణములను సాధించు యంత్రమునకు ఒక నమూనాను చాలవరకు మెకానో భాగములతోనే నిర్మించిరి.

రెండవది ఒత్తి బిగించు ప్లాస్టిక్ తెగ. డెన్మార్కుకు చెందిన లెగో సంస్థ 1977లో పళ్ళ చక్రములు, ఇరుసులు గల పెట్టెలను వెలువరించినది. 1984 నుండి వానికి టెక్నిక్ అను పేరు స్థిరపడినది. గోడకు మర బిగించుటకు వాడు ప్లాస్టిక్ ప్లగ్గును కనిపెట్టిన జర్మను దేశీయుడు ఆర్టుర్ ఫిషర్, 1965లో ఫిషర్‌టెక్నిక్ అను మరియొక పద్ధతిని ప్రవేశపెట్టెను. వీనికి పానా గాని స్క్రూడ్రైవరు గాని అక్కరలేదు.

మూడవది అన్నిటికంటె కొత్తది. భాగములు రెండవ తెగవే అయినను, మోటారులన్నియు హబ్ అను ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెకు తగిలింపబడి యుండును. తీగలేకయే బ్లూటూత్ ద్వారా ఫోనునుండి గాని టాబ్లెట్‌నుండి గాని ఆజ్ఞలు పంపుదురు.

రంధ్రము, పన్ను: లెక్క కుదిరినదా?

నిర్మాణపు పెట్టె మంచిచెడ్డలు మొదట తెలియునది దాని రంధ్రముల ఎడమును బట్టి. మెకానోలో రెండు రంధ్రముల కేంద్రముల నడిమి దూరము అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు. లెగో టెక్నిక్‌లో అది 8 మిల్లీమీటర్లు. ఈ దూరమునకు పళ్ళ చక్రముల కొలత సరిపడవలెను. లేనిచో ఇరుసులను రంధ్రములలో దూర్చినప్పుడు పళ్ళు ఒకదానినొకటి అందుకొనవు, లేదా ఒరసికొని బిగుసుకొనిపోవును.

లెగో చక్రములలో ఒక చక్కని ఏర్పాటు కలదు. ఎన్ని పళ్ళు ఉన్నవో అన్ని మిల్లీమీటర్లు దాని పనిచేయు వ్యాసము. 8 పళ్ళ చక్రమును 24 పళ్ళ చక్రముతో కూర్చినచో, ఇరుసుల నడుమ దూరము 8, 24ల మొత్తములో సగము, అనగా 16 మిల్లీమీటర్లు. సరిగా రెండు రంధ్రముల ఎడము. 8 పళ్ళ చక్రమును 40 పళ్ళ చక్రముతో కూర్చినచో 24 మిల్లీమీటర్లు; సరిగా మూడు రంధ్రముల ఎడము. మెకానోలోను ఇట్టి పొందిక ఉన్నది. 19 పళ్ళ చిన్న చక్రమును 57 పళ్ళ పెద్ద చక్రముతో కూర్చినప్పుడు ఇరుసుల దూరము సరిగా ఒక అంగుళము, అనగా రెండు రంధ్రముల ఎడము. వేగము మూడవ వంతుకు తగ్గును.

తొమ్మిదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను తానే కనుగొనగలడు. పళ్ళు ఎంచవలెను, స్కేలుతో కొలవవలెను, కూడి సగము చేయవలెను. ఏ పెట్టె ఈ లెక్కకు లొంగునో అది మంచి పెట్టె. అంగడులలో చవుకగా దొరకు కొన్ని పెట్టెలలో పళ్ళ చక్రములు అలంకారము కొరకే ఉండును. రంధ్రముల ఎడమునకు వానికి పొత్తు కుదరదు. కొనుటకు ముందు రెండు చక్రములను రెండు ఇరుసులపై ఎక్కించి వ్రేలితో త్రిప్పి చూచిన చాలును, గుట్టు బయటపడును.

మోటారు: దాచినదా, చూపినదా?

చిన్న విద్యుత్ మోటారు స్వభావమును ఒక్క వాక్యములో చెప్పవచ్చును: బరువు లేనప్పుడు మిక్కిలి వేగముగా తిరుగును, బరువు పెరిగిన కొలది వేగము తగ్గును, కదలకుండ ఆగిపోయినప్పుడు దాని త్రిప్పుడు బలము గరిష్ఠము, అది పీల్చు విద్యుత్ ప్రవాహమును గరిష్ఠమే. అది ఎక్కువ పని చేయునది ఈ రెంటి నడుమ, ఇంచుమించు సగము వేగముతో తిరుగునప్పుడు. కావున మోటారుకును బరువుకును నడుమ తగిన పళ్ళ చక్రములను ఎన్నుటయే యంత్రకారుని పని. ఆ ఎన్నికను పిల్లవానికి విడుచు పెట్టె పాఠము చెప్పును. దానిని తానే చేసి మూతవేసిన పెట్టె పాఠమును దాచిపెట్టును.

తాలిపేరు తలుపునకు నమూనాను నిర్మించుటయే దీనికి మంచి పరీక్ష. ఒక సెంటీమీటరు వ్యాసము గల కండెకు దారము చుట్టి, దాని కొసకు అట్ట తలుపును వ్రేలాడగట్టుడు. లెగో సంస్థ 2007లో తెచ్చిన పవర్ ఫంక్షన్స్ వరుసలోని మధ్యరకపు మోటారు, బరువు లేనప్పుడు నిమిషమునకు సుమారు 400 చుట్లు తిరుగును. దానిని నేరుగా కండెకు తగిలించినచో దారము సెకనుకు 21 సెంటీమీటర్ల వేగముతో లాగబడును. తలుపు ఎగిరిపడును, కొంచెము బరువు పెట్టగానే మోటారు ఆగిపోవును. 8, 40 పళ్ళ చక్రముల జతలను రెండు వరుసలుగా పెట్టినచో వేగము 25వ వంతునకు, అనగా నిమిషమునకు 16 చుట్లకు తగ్గును. తలుపు సెకనుకు ఒక సెంటీమీటరైనను మించక లేచును. ఘర్షణ లేనిచో లాగుబలము 25 రెట్లు కావలెను. ఘర్షణ వలన అంతకు తగ్గును. ఎంత తగ్గెనో కొలిచి తెలిసికొనుటయే ప్రయోగము.

అదే పనిని మెకానో 19, 57 పళ్ళ జతలతో చేయవలెనన్న మూడు వరుసలు కావలెను. అప్పుడు వేగము 27వ వంతగును. వరుస ఒకటి పెరిగినది గనుక ఘర్షణ కూడ పెరుగును. రంధ్రములలో ఒక్కొక్క చుక్క నూనె వేయవలసి వచ్చును. దీనిని లోపముగా ఎంచవచ్చును. కాని నూనె వేయక ముందు, వేసిన పిదప కొలిచి చూచిన విద్యార్థికి ఘర్షణ అన ఏమో వేరుగా బోధింపనక్కరలేదు.

మూడవ ఉపాయము మరకడ్డీ, అనగా వార్మ్ గేరు. అది 24 పళ్ళ చక్రముతో కూడినచో ఒక్క వరుసలోనే వేగము 24వ వంతునకు తగ్గును. అంతకుమించిన గుణము మరియొకటి ఉన్నది. మోటారును ఆపినను తలుపు క్రిందికి జారదు. మరకడ్డీ చక్రమును త్రిప్పగలదు గాని చక్రము మరకడ్డీని త్రిప్పలేదు. ఇందులకు చెల్లించు వెల, మరకడ్డీ వద్ద ఘర్షణలో వ్యర్థమగు శక్తి. ఈ మూడు అమరికలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుటకు వీలిచ్చు పెట్టెయే బడికి తగినది.

రెండు తవ్వకపు యంత్రములు

కొత్త పోకడను గుర్తించుటకు ఒకే సంస్థ వెలువరించిన రెండు పెట్టెలను పోల్చి చూడవచ్చును. ఇవి సామాన్య పాఠశాల కొనగలిగిన వస్తువులు కావు. దారి ఎటు మళ్ళినదో చూపు నిదర్శనములు మాత్రమే. మణుగూరు, ఇల్లెందు ప్రాంతపు సింగరేణి ఉపరితల గనులలో భారీ తవ్వకపు యంత్రములు పనిచేయుట ఎరిగిన పిల్లలకు వీని విషయము ఆసక్తి కలిగింపగలదు.

2016లో లెగో వెలువరించిన బకెట్ చక్రపు తవ్వక యంత్రములో 3,929 భాగములు ఉన్నవి. మోటారు ఒక్కటే. చక్రమును త్రిప్పుట, బెల్టులను నడుపుట, యంత్రమును ముందుకు కదల్చుట మొదలగు పనులన్నియు ఆ ఒక్క మోటారు శక్తిని పళ్ళ చక్రములతో పంచియే జరుగును. 2019లో వచ్చిన లీబెర్ ఆర్ 9800 యంత్రములో 4,108 భాగములు, ఏడు మోటారులు, రెండు హబ్బులు ఉన్నవి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క మోటారు. అన్నిటిని ఫోను నడుపును. చూచుటకు రెండవది ఘనమైనది. దాని కదలికలు నిజమైన యంత్రపు కదలికలకు దగ్గరగా ఉన్నవి. కాని ఒక మోటారు శక్తి అనేక దారులలో ప్రవహించుటను కంటితో చూచు భాగ్యము మొదటి దానిలోనే ఎక్కువ. మొదటి దానిలో బుద్ధి చక్రములలో ఉన్నది; రెండవ దానిలో అది ఫోనులోనికి పోయినది.

అట్లని మూడవ తెగను కొట్టివేయరాదు. దాని మోటారులలో కొన్ని తాము ఎన్ని డిగ్రీలు తిరిగినవో తామే లెక్కించి చెప్పగలవు. ఆజ్ఞల వరుసను వ్రాయుట, కొలతను బట్టి చలనమును సవరించుట అను విషయములు నేటి విద్యార్థికి అవసరమైనవే. నీటి మట్టము పెరుగగానే తనంత తానే లేచు తలుపును నిర్మింపవలెనన్న హబ్ వంటిది కావలసినదే. చెప్పవలసినది ఇంతే: అది రెండవ మెట్టు. మొదటి మెట్టు ఎక్కని వానికి అది గారడీవలె తోచును.

ఏది మన్నును?

ఖమ్మము నుండి భద్రాచలమునకు నూరు కిలోమీటర్లకు మించిన దూరము. చర్ల, దుమ్ముగూడెము అడవి పల్లెలు అంతకు ఆవల. ఇచటి పాఠశాలలో ఒక భాగము పోయినచో ఏమగును? ఈ ప్రశ్న బొమ్మల పెట్టెపై ఎక్కడను ముద్రింపబడి యుండదు గాని విద్యార్థికి దీనికంటె ముఖ్యమైనది లేదు.

లోహపు పట్టీల పెట్టెలో బోల్టు పోయినచో దాదాపు అదే కొలత గల బోల్టు సైకిలు షాపులోనో హార్డువేరు అంగడిలోనో వెదకవచ్చును. పాత మెకానో బోల్టుల మర వేరు జాతిది గనుక, బోల్టును నట్టును జతగా కొనవలెను. పట్టీ వంగినచో సుత్తితో చక్క చేయవచ్చును. ప్లాస్టిక్ ఇరుసు విరిగినచో అట్టి ఉపాయము లేదు. మరి హబ్ పాడైనచో మోటారులన్నియు ఒక్కసారిగా మూగవగును.

ఇంకొక సంగతి గమనింపదగినది. లెగోవారి 1977 నాటి దూలపు రంధ్రములో నేటి ఇరుసు నేటికిని దూరును. కాని 2007 నాటి పవర్ ఫంక్షన్స్ మోటారు ప్లగ్గు, 2018 నుండి వచ్చిన పవర్డ్ అప్ హబ్‌లో పట్టదు. 1998లో ఆరంభమై లోకమంతట పేరుపొందిన మైండ్‌స్టార్మ్స్ యంత్రమానవుల వరుసను ఆ సంస్థ 2022 చివర నిలిపివేసినది. రంధ్రము నలువది ఏండ్లు దాటినను మారలేదు. ప్లగ్గు పదునొకండు ఏండ్లకే మారినది. కొనునప్పుడు సొమ్ములో ఎక్కువ పాలు మారని దానిపై పెట్టుటయే వివేకము.

ఘటముల ఖర్చును మరువరాదు. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టుల ఘటములు ఆరు వేసినచో 9 వోల్టులు. తిరిగి చార్జి చేయదగిన నికెల్ ఘటములు 1.2 వోల్టులవి గనుక ఆరు కలిసి 7.2 వోల్టులే. నిమిషమునకు 400 చుట్లు తిరుగు మోటారు వానితో సుమారు 320 చుట్లు తిరుగును. వేగము తగ్గినదని చింతింపనక్కరలేదు. నెలనెలా ఘటములు కొను బాధ తప్పును. పైగా వోల్టేజికిని వేగమునకును గల సంబంధము ఒక పాఠమగును.

భాష విషయము కూడ యోచింపదగినది. కోయ భాష మాటలాడు ఇండ్లనుండి వచ్చిన చిన్న పిల్లలకు ఆంగ్లపు సూచనలు అడ్డుగోడ వంటివి. అక్షరము లేక బొమ్మలతోనే వరుసగా చూపు లెగో సూచన పుస్తకములు ఈ విషయమున మెచ్చదగినవి. కాని వానితో ఒక చిక్కు గలదు. బొమ్మను చూచి అట్లే బిగించిన పిల్లవాడు యంత్రమును నిర్మించును గాని ఎందుకట్లు నిర్మించెనో యెరుగడు. కావున ఉపాధ్యాయుడు నిర్మాణము ముగిసిన పిదప ఒక చక్రమును మార్చి, "ఇప్పుడు ఏమగును?" అని అడుగవలెను. విద్యార్థి జవాబు చెప్పిన తరువాతనే మీట నొక్కవలెను.

పెట్టెయే కొనలేనిచో

కొనుటకు సొమ్ము లేని పాఠశాల నిరాశపడ నక్కరలేదు. 1970లలో మధ్యప్రదేశులోని హోషంగాబాదు విజ్ఞాన బోధన కార్యక్రమముతో కలిసి పనిచేసిన అరవింద్ గుప్తా, అగ్గిపుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కలిపి నిర్మాణపు ఆటను కల్పించెను. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆ త్రోవ భద్రాచలపు అడవులకు మరింత అనుకూలము. వెదురు ఇచట కరవు కాదు. వెదురు బద్దలపై అర అంగుళమునకు ఒక రంధ్రము చొప్పున కాల్చిన ఊచతో పొడిచినచో పట్టీలు సిద్ధము. సైకిలు పుల్ల ఇరుసగును. పాత హవాయి చెప్పు అట్ట నుండి కోసిన బిళ్ళలు కప్పీ చక్రములగును. చిన్న బిళ్ళ వ్యాసము ఒక సెంటీమీటరు, పెద్దదానిది అయిదు సెంటీమీటర్లు అయినచో, రబ్బరు పట్టీ వేయగానే వేగము అయిదవ వంతగును. పళ్ళు లేకున్నను లెక్క అదే.

మోటారు మాత్రము కొనవలెను. ఎలక్ట్రానిక్ సామాను అమ్మువారు బి.ఓ. మోటారు అని పిలుచు పసుపుపచ్చని మోటారు ఇందులకు చాలును. సాధారణముగా దొరకు రకములో లోపలి పళ్ళ చక్రములు వేగమును 48వ వంతునకు తగ్గించును. 6 వోల్టులతో బయటి ఇరుసు నిమిషమునకు సుమారు 200 చుట్లు తిరిగినచో, లోపలి మోటారు 9,600 చుట్లు తిరుగుచున్నదని అర్థము. మరలు విప్పి మూత తీసి ఈ చక్రములను పిల్లలకు చూపవచ్చును. మూత తీయదగిన మోటారు, తీయరాని మోటారుకంటె మంచి గురువు.

దానితో ఒక కొలత. అర కిలో బరువు 60 సెంటీమీటర్ల ఎత్తునకు 10 సెకనులలో లేచినదనుకొందురు గాక. జరిగిన పని 0.5 × 9.8 × 0.6, అనగా 2.94 జౌళ్ళు, సామర్థ్యము 0.294 వాట్లు. అప్పుడు మోటారు 6 వోల్టుల వద్ద పావు ఆంపియరు తీసికొనినచో, ఇచ్చిన సామర్థ్యము 1.5 వాట్లు. దక్షత ఇంచుమించు 20 శాతము. తక్కిన 80 పాళ్ళు ఎక్కడకు పోయెను? మోటారును తాకి చూచిన విద్యార్థికి కొంత జవాబు వేళ్ళకే తెలియును.

తుది మాట

పోలికను ముగించునప్పుడు తీర్పు స్పష్టముగా చెప్పుట మంచిది. ఒకే పెట్టె కొనగల పాఠశాల, లోహపు పట్టీలు, విడిగా పళ్ళ చక్రములు, ప్లగ్గు లేక రెండు తీగలతో నడచు మోటారు గల పెట్టెను ఎన్నుకొనవలెను. రెండవది కొనగలిగినప్పుడు ఒత్తి బిగించు ప్లాస్టిక్ తెగ. నలువది నిమిషముల పీరియడులో కట్టి, విప్పి, మరల కట్టుటకు అంత అనువైనది లేదు. హబ్బును, ఫోనును కోరు పెట్టె మూడవది. పై రెంటితో పిల్లల చేతులు ఆరితేరిన పిదప. 2021 జనవరి 1 నుండి భారతదేశములో అమ్ము బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయినది గనుక, ఏది కొన్నను ఆ ముద్రను చూచియే కొనవలెను.

కొన్న పెట్టెను బీరువాలో పెట్టి తాళము వేసి, తనిఖీ అధికారి వచ్చిననాడు తీసి చూపుట వలన ఏ ప్రయోజనము లేదు. రెండు బోల్టులు పోవును, ఒక చక్రపు పన్ను విరుగును. అది నష్టము కాదు, విద్యకు అయిన ఖర్చు. వచ్చు వానకాలములో తాలిపేరు తలుపులు లేచినప్పుడు, వంతెన పైని మోటారును చూచి, "దీని వెనుక ఎన్ని వరుసల చక్రములున్నవో!" అని ఒక విద్యార్థి ప్రక్కవానితో అన్నచో, ఆ పెట్టెకు పెట్టిన ప్రతి రూపాయి పాఠశాలకు తిరిగి వచ్చినట్లే.